మురళి ఇచ్చిన గ్రాఫిక్స్ కార్డు

మా ముత్తాత రామబ్రహ్మంగారికి తెనాలి దగ్గర రెండు రైసుమిల్లులు ఉండేవి. కోతల కాలంలో మిల్లు ముందు ఎన్ని బళ్ళు ఆగినా, బళ్ళవాళ్ళ భోజనాలయ్యాయని తెలిస్తేగానీ ఆయన విస్తరి ముందు కూర్చునేవారు కాదట. మా తాతగారు డాక్టర్ శేషగిరిరావుగారు డెట్రాయిట్‌లో సర్జన్. ఆ చుట్టుపక్కల తెలుగువాళ్ళందరూ ఒకే హాల్లో పట్టే రోజుల్లో వచ్చారు, ఆ హాలు కూడా మా తాతగారింట్లోదే. కొత్తగా దిగిన ప్రతి డాక్టరూ, ప్రతి ఇంజనీరూ మొదటి చలికోటు ఆయన చేతి మీదుగానే తొడుక్కున్నారు. మా నాన్న భాస్కరరావుగారు డెట్రాయిట్ పక్కనే నోవైలో సొంత ఇంజనీరింగ్ కంపెనీ నడిపారు. కార్ల తలుపులకీ సీట్లకీ కావలసిన భాగాలను కంప్యూటర్లో డిజైన్ చేసి ఫ్యాక్టరీలకి ఇచ్చే పని. ఎర్ర ఇటుకల భవనం, దాని నుదుట మా ఇంటిపేరు. ఇవన్నీ గొప్పకి చెప్పడం లేదు. ఎవరింటి పిల్లనో చెప్పకుండా మాట మొదలుపెట్టడం మా ఇంట్లో మర్యాద కాదు.

నాన్న పోయిన తర్వాత ఆయన వస్తువులు వేరే రాష్ట్రంలో, బాతెల్‌లో ఉన్న నా ఇంటికి వచ్చాయి. ఎక్కువేం లేవు. ఇస్త్రీ మడతలు చెదరని చొక్కాలు, బూటు పాలిష్ డబ్బాలు, తాతగారి స్టెతస్కోపు, ఒక నల్లటి డెస్క్‌టాప్ కంప్యూటర్. కంప్యూటర్‌ని రీసైక్లింగ్‌కి ఇచ్చేద్దామని గరాజ్‌లో పెట్టాను. ఇచ్చేముందు లోపలి డిస్క్ తీసేయాలి కదా అని పక్క మూత విప్పాను. ఎండిన గంధం వాసన ఇంకా ఉందని అనను, ఉండే అవకాశం లేదు. కానీ నల్లటి రేకు మీద ఎండిపోయిన కుంకుమ బొట్టు ఉంది, దాని కింద, ఒకప్పుడు నాన్న దగ్గర పనిచేసిన మురళిగారు ఇచ్చిన గ్రాఫిక్స్ కార్డు ఉంది. ఆ సాయంత్రం రీసైక్లింగ్‌కి వెళ్ళలేదు. గరాజ్‌లో మడతకుర్చీ వేసుకుని, నోవైలో గడిచిన ఆ ఒక్క చలికాలాన్ని మళ్ళీ మొదటినుంచీ చూసుకున్నాను.

కార్ల కంపెనీలు కుప్పకూలి, వాటి వెనకాల చిన్న కంపెనీలన్నీ వరసగా పడిపోయిన తర్వాత వచ్చిన చలికాలం అది. నేను కాలేజీలో చదువుతూ సెలవులకి ఇంటికొచ్చాను. మా కంపెనీలో అప్పటికి మనుషుల్లేరు. అద్దెకి తెచ్చిన కంప్యూటర్లు ఇచ్చినవాళ్ళే పట్టుకుపోయారు. భవనం మాత్రం ఉంది, తాళంచెవులు నాన్న జేబులో ఉన్నాయి. అమ్మ హాస్పిటల్ ఫార్మసీలో పనిచేసేది. ఇల్లు ఆవిడ జీతం మీద నడుస్తోందని అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు. అమ్మ అసలే అనదు.

ఆ ఇంట్లో తెల్లవారడం వాసనల్తోనే తెలిసేది. ముందు ఇల్లు వెచ్చబెట్టే ఫర్నేస్ మొదలై గోడ వారల జాలీల్లోంచి వేడిగాలితోపాటు కాలిన దుమ్ము వాసన వచ్చేది. తర్వాత నాయనమ్మ డికాక్షన్ వాసన. మా నాయనమ్మ రాజ్యలక్ష్మమ్మగారు ఎన్నేళ్ళు అమెరికాలో ఉన్నా ఫిల్టర్‌ని తప్ప ఏ కాఫీ యంత్రాన్నీ ఇంట్లోకి రానివ్వలేదు. చీర కింద ఉన్ని పైజామా, కాళ్ళకి తాతగారి పాత మేజోళ్ళు, చేతి గాజులకి గుత్తిగా వేలాడే పిన్నీసులు, ఇదీ ఆవిడ చలికాలపు వేషం. ఆ తర్వాత ఇస్త్రీ పెట్టె ఆవిరి వాసన, బూటు పాలిష్ వాసన. నాన్న తెల్లచొక్కా, టై కట్టుకుని, కారు మీది మంచు గీకి, రోజూ వేళ తప్పకుండా ఆఫీసుకి డ్రైవ్ చేసుకుంటూ వెళ్ళేవారు. అక్కడ ఎవరూ లేరు. హీటర్ తక్కువలో పెట్టుకుని, కోటు విప్పకుండా కూర్చుని, పాత కస్టమర్లకి ఫోన్లు చేసేవారని అమ్మ ఒకసారి చెప్పింది. ఆ భవనాన్ని కొంటామని ఒకరిద్దరు అడిగారు. "కంపెనీ మూసెయ్యలేదు. పని ఆగింది, అంతే," అని నాన్న ఫోన్ పెట్టేసేవారు. ఆ మాట నేను స్వయంగా విన్నాను. అప్పటికి నాకది అబద్ధంలా అనిపించలేదు, ఇప్పుడూ అనిపించదు. మా వాళ్ళు మాట జారడం కంటే మిల్లు జారిపోవడం నయమనుకునే మనుషులు.

ఆ భవనంలో దసరాలు ఎలా జరిగేవో చెప్పాలి. ఆయుధపూజ రోజున ఆఫీసు మధ్య గదిలో నాయనమ్మ పీట వేయించేది. కంప్యూటర్లన్నిటికీ పసుపు, కుంకుమ, మెడలో బంతిపూల దండ బదులు ఇక్కడ దొరికే చామంతులు. అమెరికన్ ఉద్యోగులు కూడా బూట్లు విడిచి, తెల్ల మేజోళ్ళతో వరసగా నిలబడి, కళ్ళు మూసుకోవాలో తెరవాలో తెలియక ఒకర్నొకరు చూసుకునేవారు. పులిహోర విషయంలో మాత్రం వాళ్ళకి ఏ సందేహమూ ఉండేది కాదు. యజమాని గనక అక్షతలు ముందు నాన్నే వేయాలి. మిగతా కంప్యూటర్లకి నెత్తిన వేసి ఊరుకునేవారు గానీ తన సొంత డెస్క్‌టాప్‌కి మాత్రం పక్క మూత తీయించేవారు. "బొట్టు పైన రేకుకి కాదమ్మా, ప్రాణం ఉన్నచోట పెట్టాలి," అనేవారు. అందరి నవ్వుల మధ్య లోపల బొట్టు పెట్టి, అక్షతలు చల్లి, మళ్ళీ మూత బిగించేవారు. అద్దెది కాదు గనక ఆ ఒక్క కంప్యూటరే మాకు మిగిలింది. దాన్ని తెచ్చి ఇంట్లో బేస్‌మెంట్‌లో పెట్టారు.

మురళిగారు ఒక శనివారం పొద్దున్న, అమ్మ డ్యూటీలో ఉండగా వచ్చారు. ఆయనది వరంగల్ దగ్గర. అమెరికా వచ్చిన కొత్తలో మా కంపెనీలోనే చేరారు. ఆయన వీసా నాన్నే చేయించారు. అపార్ట్‌మెంట్ దొరికేదాకా మా బేస్‌మెంట్‌లోనే ఉన్నారు. తర్వాత వేరే కంపెనీకి వెళ్ళి, ఆ కష్టకాలంలో కూడా ఉద్యోగం నిలబెట్టుకున్న కొద్దిమందిలో ఒకరయ్యారు. గరాజ్ తలుపు దగ్గర మంచు దులుపుకుని లోపలికొచ్చి, ఎప్పటిలాగే నాన్న కూర్చోమనేదాకా నిలబడే ఉన్నారు.

"సార్, మొన్న ఫోన్ల చెప్పిన గద, మా దగ్గర డోర్ లాచ్ డిజైన్ తెలిసినవాళ్ళు కావాలంటున్నరు. కాంట్రాక్ట్ పని. నేను మా మేనేజర్‌కి మీ పేరు చెప్పిన."

"నా పేరు చెప్పావా, కంపెనీ పేరు చెప్పావా?" అన్నారు నాన్న.

మురళిగారు నేల వైపు చూశారు. "మీ పేరే చెప్పిన సార్. కంపెనీ గురించి ఆయనే అడుగుతడు."

విషయం ఇదీ. వాళ్ళు ఒక తలుపు గడియ మోడల్ ఫైల్ అప్పటికే పంపారు. అందులో ఒకదానికొకటి తగులుతున్న భాగాల్ని సరిచేసి, మంగళవారం ఆన్‌లైన్ మీటింగ్‌లో మోడల్‌ని అటూ ఇటూ తిప్పి, కోసి, లోపలి ఖాళీలు చూపించాలి. నచ్చితే పని నాన్నకే. సాఫ్ట్‌వేర్ వాళ్ళే ఇచ్చారు. అది కొత్త వెర్షన్, మా డెస్క్‌టాప్ పాతది. ముందురోజే నేను ఎక్కించి చూశాను. మోడల్‌ని కొంచెం తిప్పమంటే స్క్రీన్ ఆగి, ఆలోచించి, ఎక్కడో ఒకచోట తేలేది. మరికొంచెం తిప్పితే నల్లబడిపోయేది. ప్రాసెసర్ పనికొస్తుంది, మెమరీ చాలు, బొమ్మని స్క్రీన్ మీద తిప్పే గ్రాఫిక్స్ కార్డు మార్చాలి అని నాన్నకి చెప్పాను. ఆయన "చూద్దాం" అన్నారు. మా ఇంట్లో ఆ ఏడాది "చూద్దాం" అంటే అర్థం ఏమిటో నాకు తెలుసు, అందుకని మళ్ళీ ఎత్తలేదు. ఎత్తింది అమ్మ అయ్యుండాలి. ఎందుకంటే మురళిగారు చంకలోంచి ఒక అట్టపెట్టె తీసి బల్ల మీద పెట్టారు.

"ఇది నా ఇంటి కంప్యూటర్‌లది సార్. నేను ఇంట్ల ఆ పని చేస్తనే లేను. ఊకె పడి ఉన్నది."

నాన్న పెట్టె వైపు చూడలేదు. "వాడిన వస్తువు మేం పుచ్చుకోం మురళీ. ఏమీ అనుకోకు."

అది మా ఇంటి నియమం. ఇచ్చిన చెయ్యి పైన ఉంటుంది, పుచ్చుకున్న చెయ్యి కింద ఉంటుంది, మన చెయ్యి ఎప్పుడూ పైనే ఉండాలి. ముత్తాతగారి నుంచీ వస్తున్న మాట. నేనూ అదే నమ్మి పెరిగాను. ఆ పెట్టెని వెనక్కి పంపేస్తే మంగళవారం మీటింగ్ లేదని తెలిసి కూడా నాన్న అన్నది సబబే అనిపించింది. స్టవ్ దగ్గర్నుంచి నాయనమ్మ ఇటు తిరిగింది.

"ఏమయ్యా మురళీ, కిందగదిలో ఉన్నప్పుడు నా దుప్పటి కప్పుకున్నావా లేదా?"

"కప్పుకున్న మామ్మగారూ."

"కొత్త దుప్పటా అది?"

"లేదు మామ్మగారూ, పాతదే. అంచు కూడ చినిగింది."

"చిరుగు సంగతి అడగలేదు నిన్ను. ఒరే భాస్కరం, వాడు పుచ్చుకున్నాడు కదరా. వాడి చెయ్యి అరిగిపోయిందా? అమ్మాయ్, ఆ పెట్టె తీసి లోపల పెట్టు. నువ్వు కూర్చో నాయనా, పెసరట్టు తిని వెళ్ళు."

నాన్న పెట్టెని చేత్తో ముట్టుకోలేదు. నేను కార్డుని తీసి పక్కన పెట్టాక, నాయనమ్మ ఆ ఖాళీ అట్టపెట్టెలో కాగితం పరిచి సున్నుండలు సర్ది మురళిగారి చేతికిచ్చింది. మా ఇంటికి వచ్చిన గిన్నె ఏదీ ఖాళీగా తిరిగి వెళ్ళేది కాదు. "గ్రాఫిక్స్ కార్డు పెట్టెల సున్నుండలు, మా ఆవిడ నమ్మదు," అని నవ్వుకుంటూ మురళిగారు మంచులోకి వెళ్ళారు. నాన్న మాత్రం వాకిలి దాకా వెళ్ళి, ఆయన కారు రోడ్డెక్కేదాకా నిలబడ్డారు. అది కూడా మా ఇంటి నియమమే.

భోజనాలయ్యాక కంప్యూటర్‌ని వంటింటి బల్ల మీదికి తెచ్చాం. బేస్‌మెంట్‌లో కార్పెట్ ఉంది, మిషిగన్ చలికాలంలో కార్పెట్ మీద నడిచి దేన్ని ముట్టుకున్నా చురుక్కుమంటుంది. ఆ చురుకు చాలు, కార్డు పోవడానికి. నాన్న నన్ను మేజోళ్ళు విప్పమన్నారు, ముందు కంప్యూటర్ ఇనప పెట్టెని ముట్టుకోమన్నారు. నాయనమ్మ పట్టుచీర చిటపటలాడుతుంటే ఆవిణ్ణి ఆమడ దూరంలో కూర్చోబెట్టారు.

"నా ఇంట్లో నన్ను మైల పాటించమంటావుట్రా?"

"మైల కాదమ్మా, కరెంటు."

"ఏదైతేనేం. అంటుకోవద్దనేగా."

పాత కార్డు బిర్రుగా ఉంది. ఏళ్ళ దుమ్ముతో స్లాట్‌కి అతుక్కుపోయింది. చివర ఉన్న కొక్కెం నొక్కి, అటూ ఇటూ కదిలిస్తూ పైకి లాగాను. కొత్తది పొడుగు ఎక్కువ, దాని కొన డిస్కుల అరకి తగలకుండా ఏటవాలుగా దించాల్సి వచ్చింది. దానికి విడిగా కరెంటు తీగ కూడా కావాలి. పవర్ సప్లై వెనక కట్టగట్టి పడేసిన తీగల్లో సరిగ్గా అలాంటిది ఒకటి దొరికినప్పుడు నేను గట్టిగా అరిచాను, నాన్న కూడా కొంచెం నవ్వారు. స్క్రూ బిగించాను. మానిటర్ తగిలించి స్విచ్ నొక్కాను. ఫ్యాన్లు తిరిగాయి. కార్డు మీద ఉన్న ఫ్యాన్ కూడా తిరిగింది. కంప్యూటర్ కీచుగొంతుతో కూసింది, ఆగింది, మళ్ళీ కూసింది. స్క్రీన్ మీద ఏమీ రాలేదు.

తీగలు ఊడదీసి మళ్ళీ పెట్టాను. అదే కూత. పాత కార్డు మళ్ళీ పెట్టి చూద్దామా అన్నాను.

"వద్దు," అన్నారు నాన్న. "దాన్ని తీసి కాగితంలో చుట్టు. సోమవారం పంపించేద్దాం. మురళికి నేను ఫోన్ చేస్తాను."

"ఏమని?"

"పనిచేయలేదని. మరేమని?"

కోప్పడతారనుకున్నాను. కానీ ఆయన గొంతులో కోపం లేదు. చాలాసేపు మోస్తున్న బరువు ఎవరో దించితే వచ్చే గొంతు అది. కోటు తగిలించుకుని, తాళంచెవులు తీసుకున్నారు. శనివారం మధ్యాహ్నం, బయట మంచు పడుతోంది, ఆయన ఆఫీసుకి బయల్దేరుతున్నారు. అప్పుడు నాకు అర్థమైంది, కార్డు పనిచేయకపోతే మంగళవారం లేదు. మంగళవారం లేకపోతే, బేస్‌మెంట్‌లో ఒక్కడే కూర్చుని ఇంకొకరి గడియ సరిచేసే మనిషి కానక్కర్లేదు. పని ఆగింది, అంతే. ఆ భవనం, ఆ ఇంటిపేరు, ఆ కుర్చీ ఉంటాయి.

"ఏమిటే ఆ కూత?" అంది నాయనమ్మ దూరం నుంచే. "సరిగా దిగిందో లేదో చూశావా? గాజు ఎక్కకపోతే గాజు మంచిది కాదంటారా ఎవరైనా? చెయ్యి చూసుకుంటారు గానీ."

ప్లగ్ పీకి, కార్డు బయటికి తీసి, దాని బంగారు పళ్ళని దీపం కింద పెట్టి చూశాను. ఒక చివర గీతలు పడ్డాయి, రెండో చివర నున్నగా ఉంది. అటువైపు స్లాట్‌లోకి పూర్తిగా దిగలేదన్నమాట. టార్చి వేసి స్లాట్‌లోకి చూశాను. ఆ సన్నటి నల్లటి సందులో ఏదో పచ్చగా మెరిసింది.

"నాయనమ్మా, ఒక పిన్నీసు ఇయ్యి."

ఆవిడ గాజు నుంచి విప్పి, నియమం ప్రకారం దూరం నుంచే బల్ల మీద జార్చింది. పిన్నీసు కొనతో మెల్లగా ఎత్తి తీసి అరచేతిలో పెట్టుకున్నాను. పసుపు పట్టిన బియ్యపు గింజ. పాత కార్డు మీద ఏళ్ళుగా నిలిచి ఉన్నది, దాన్ని ఊపి లాగినప్పుడు స్లాట్‌లోకి జారి ఉంటుంది. వెతికితే పెట్టె అడుగున, తీగల కింద, ఇంకా ఉన్నాయి. ఏ దసరావో ఎవరు చెప్పగలరు.

నాన్న గుమ్మం దగ్గర్నుంచి వెనక్కొచ్చి నా అరచేతిలోకి చూశారు. ఆ పెట్టె మూత తీయించి లోపల అక్షతలు వేసే మనిషి ఎవరో ముగ్గురికీ తెలుసు.

"నేనే," అన్నారు.

"నెత్తిన వెయ్యరా అంటే కడుపులో వేశావన్నమాట," అంది నాయనమ్మ.

నాన్నకి నవ్వొచ్చింది. నవ్వు ఆగాక ఆ గింజని తీసి బల్ల అంచున పెట్టారు. కార్డు పనిచేయలేదనే అనేసి వెళ్ళిపోవచ్చు, మేమేం అనేవాళ్ళం కాము. ఆయన కోటు విప్పి కుర్చీకి వేశారు. చొక్కా చేతులు పైకి మడిచారు. ఇనప పెట్టెని ముట్టుకుని, మురళిగారి కార్డుని బల్ల మీద నుంచి రెండు చేతులతో తీసుకుని, ఏటవాలుగా దించి, రెండు బొటనవేళ్ళతో నొక్కారు. టక్కుమంది. అంతకుముందు నేను నొక్కినప్పుడు ఆ చప్పుడు రాలేదు.

ఈసారి స్క్రీన్ వెలిగింది. తలుపు గడియ మోడల్ తెరిచి నాన్న మౌస్ కదిపితే అది నీళ్ళలో చేపలా తిరిగింది. కోస్తే కోసినచోటల్లా లోపలి స్ప్రింగులు, పళ్ళచక్రాలు, కొక్కేలు కనిపించాయి. ఎక్కడెక్కడ ఏది దేనికి తగులుతోందో నాన్న అక్కడికక్కడే నాకు చూపించడం మొదలుపెట్టారు. ఏడాదిగా ఆ గొంతు వినలేదు నేను. నాయనమ్మ ఆమడ దూరం సంగతి మర్చిపోయి భుజం మీదుగా తొంగిచూసింది.

"ఇంతా చేసి తలుపు గడియా?"

"తలుపు గడియేనమ్మా."

"మన మిల్లుకి ఉండేది ఇంతకంటే పెద్దది," అని కాఫీ కలపడానికి వెళ్ళింది.

ఆ సాయంత్రం నాన్న మురళిగారికి ఫోన్ చేశారు. థాంక్స్ అనే మాట ఆ ఫోన్‌లో లేదు. "మురళీ, కార్డు పనిచేస్తోంది. రేపు మీ ఆవిణ్ణీ పిల్లల్నీ తీసుకుని భోజనానికి రా," అన్నారు. అవతల ఆయన ఏమన్నారో వినపడలేదు. నాన్న మాత్రం, "లేదు, తప్పకుండా రావాలి," అని ఫోన్ పెట్టేశారు.

ఇప్పుడు నా పని అంతా పుస్తకమంత లాప్‌టాప్‌లో అయిపోతోంది. దాని మూత విప్పడానికి స్క్రూలు కూడా బయటికి కనపడవు. పాడైతే పంపేస్తాం, కొత్తది వస్తుంది, దానిలో ఏముందో నాకు తెలియదు. అలాంటి తలుపు గడియని ఇప్పుడు ఫోన్‌లో తిప్పి చూడొచ్చు. దసరాకి నేనూ లాప్‌టాప్‌కి బొట్టు పెడతాను. పైన మూత మీదే పెడతాను, లోపలికి దారి లేదు. సున్నుండలు కొట్లో కొంటాను. గిన్నె ఖాళీగా పంపకూడదని ఉంది గానీ, గిన్నెలతో వచ్చేవాళ్ళే తక్కువ. ఇవి మంచివో చెడ్డవో తేల్చడం నా పని కాదు. మా ఇంట్లో ఒకప్పుడు ఒక యంత్రం ప్రాణం ఎక్కడుందో చూసి అక్కడ బొట్టు పెట్టిన మనిషి ఉండేవారని, ఆయన కూతుర్నని మాత్రం చెప్పుకుంటాను.

ఆ మంగళవారం నాన్న టై కట్టుకుని, పాలిష్ చేసిన బూట్లు తొడుక్కుని బేస్‌మెంట్ మెట్లు దిగారు. కెమెరా లేని మీటింగ్ అది, అవతలివాళ్ళకి గొంతు వినపడుతుంది, మోడల్ కనపడుతుంది, అంతే. బూట్లెందుకని నేను అడగలేదు. మెట్ల మీద కూర్చుని విన్నాను. తగులుతున్న భాగాలన్నీ చూపించారు, ఎలా సరిచేశారో చూపించారు, వాళ్ళు అడగని తప్పు ఇంకొకటి కూడా చూపించారు. మురళిగారి మేనేజర్‌కి బాగా నచ్చింది. చివర్లో ఆ మనిషి మర్యాదగానే అడిగాడు, ఇప్పుడు మీ కంపెనీలో ఎంతమంది ఇంజనీర్లున్నారు అని. నాన్న మౌస్ మీద నుంచి చెయ్యి తీశారు. స్క్రీన్ మీద గడియ కదలకుండా నిలబడి ఉంది.

"ఒక్కణ్ణే," అన్నారు ఇంగ్లీషులో. "నేను."

పని ఇచ్చారు. మర్నాడు పొద్దున్న ఇస్త్రీ ఆవిరి వాసన వచ్చింది, బూటు పాలిష్ వాసన వచ్చింది, కారు మీది మంచు మాత్రం ఎవరూ గీకలేదు. మంచు కరిగాక, ఆఫీసు భవనాన్ని ఒక పళ్ళ డాక్టరుకి అమ్మేశాం.